మోకు పట్టుకున్నవాడి సంతతి: జాన్ హౌలాండ్ వంశాన్ని కాగితాల్లో చదవడం

అందరికీ నమస్కారం.

1620 శరత్కాలంలో, ఇంగ్లండ్ నుంచి అమెరికాకి వలసదారుల్ని తీసుకెళ్తున్న మేఫ్లవర్ ఓడ అట్లాంటిక్ మధ్యలో పెద్ద గాలివానలో చిక్కుకుంది. తెరచాపలన్నీ దించేసి ఓడను గాలివాటానికి వదిలేశారు. అలాంటి సమయంలో కింది అరలోంచి పైకి వచ్చిన ఒక కుర్రాడు, ఓడ ఒరిగిన ఊపుకి సముద్రంలో పడిపోయాడు. పై తెరచాపను ఎత్తి దించే మోకు ఒకటి అప్పటికే జారి నీళ్లలో వేలాడుతోంది. అది అతని చేతికి చిక్కింది. కొన్ని బారల లోతుకి మునిగినా పట్టు వదల్లేదు. బార అంటే మనకి తెలిసిందే, రెండు చేతులూ చాచినంత, సుమారు ఆరడుగులు. పైనున్నవాళ్లు అదే మోకుతో అతన్ని నీటిమట్టం దాకా లాగి, ఆ తర్వాత కొక్కెం కర్రతో ఓడలోకి చేర్చారు. అతని పేరు జాన్ హౌలాండ్. ఈ సంగతి రాసిపెట్టింది, ఆ వలసదారులు ఇప్పటి మసాచుసెట్స్‌లో నెలకొల్పిన ప్లిమత్ కాలనీకి గవర్నర్‌గా చాలాకాలం ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్.

హౌలాండ్ అప్పుడు జాన్ కార్వర్ అనే పెద్దమనిషి దగ్గర పనివాడు. అతనికీ ఎలిజబెత్ టిల్లీకీ పుట్టిన సంతతిలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉన్నాడు, ఇద్దరు బుష్ అధ్యక్షులున్నారు, నటుడు హంఫ్రీ బోగార్ట్ ఉన్నాడు. మోకు చేయి జారి ఉంటే వీళ్లెవరూ లేరు. ఈ మాట అందరూ చెబుతారు, వినడానికి బాగుంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది దాని తర్వాతి సంగతి. వలస వచ్చిన మూలపురుషుడి నుంచి ఇప్పటి మనిషి దాకా వంశాన్ని నిలబెట్టేది ఇంటిపేరు కాదు, తాతలు చెప్పిన కథా కాదు. తరానికీ తరానికీ మధ్య ఉన్న కాగితం. ఆ కాగితాల్లో సగానికి సగం భూమి కాగితాలు. ఆ భూమి అంతకు ముందు ఎవరిదో కూడా వాటిలోనే ఉంటుంది, చదవదలుచుకున్నవాళ్లకి.

ముందు మనిషి ఎవరో చూద్దాం. హౌలాండ్ ఇంగ్లండ్‌లో హంటింగ్‌డన్‌షైర్‌లోని ఫెన్‌స్టాంటన్ వాడు. తండ్రి హెన్రీ, తల్లి మార్గరెట్. పుట్టిన సంవత్సరం దగ్గరే మొదటి చిక్కు. చనిపోయినప్పుడు ఎనభై దాటాయని రాశారు. అంటే 1592 ప్రాంతంలో పుట్టి ఉండాలి. అలాగైతే ఓడెక్కేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు. కానీ బ్రాడ్‌ఫర్డ్ అతన్ని బలమైన కుర్రాడు అన్నాడు, పైగా అతను ఇంకొకరి దగ్గర పనివాడు. అందుకే కొందరు 1599 దగ్గర పుట్టాడంటారు. ఆ రోజుల్లో ముసలివాళ్ల వయసును చనిపోయినప్పుడు పెంచి చెప్పడం మామూలే. మన పల్లెల్లో తొంభై దాటాయి, నూరు దాటాయి అన్నట్టే. మరణం దగ్గర రాసిన వయసుని పుట్టుకకి సాక్ష్యంగా వాడకండి. అది సూచన మాత్రమే.

1620 నవంబరులో ఓడ అమెరికా తీరంలోని కేప్ కాడ్ చేరాక మగవాళ్లు 41 మంది ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. అసలు పత్రం పోయింది. 1669లో అచ్చయిన జాబితాలో హౌలాండ్‌ది పదమూడో పేరు. డిసెంబరులో చిన్న పడవలో తీరం వెతకడానికి వెళ్లిన జట్టులోనూ అతనున్నాడు. ఆ చలికాలంలో 102 మంది ప్రయాణికుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. ఎలిజబెత్ టిల్లీకి అప్పుడు పదమూడేళ్లు. తండ్రి జాన్, తల్లి జోన్, బాబాయి ఎడ్వర్డ్, పిన్ని ఆన్ అందరూ కొద్ది నెలల్లో పోయారు. 1621 ఏప్రిల్‌లో కార్వర్ పొలం నుంచి జబ్బుతో వచ్చి చనిపోయాడు. ఐదారు వారాలకి అతని భార్య కూడా పోయింది. యజమాని లేని పనివాడు, అమ్మానాన్నలు లేని పిల్ల. కొన్నేళ్లకి వీళ్లిద్దరికీ పెళ్లయింది.

ఇక్కడే ఈ వంశ చరిత్రలోని అతి పెద్ద పొరపాటు పుట్టింది. రెండువందల ఏళ్ల పాటు హౌలాండ్ సంతతి వాళ్లు ఎలిజబెత్‌ని గవర్నర్ కార్వర్ కూతురని, కొందరు మనవరాలని చెప్పుకున్నారు. ఎందుకలా? హౌలాండ్ కార్వర్ ఇంట్లో మనిషి, కార్వర్‌కి వెనక పిల్లలు లేరు, పైగా అతను మొదటి గవర్నర్. ఖాళీ ఉన్నచోట పెద్ద పేరు వచ్చి కూర్చుంటుంది. దీన్ని సరిచేయగలిగిన కాగితం బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి. అది అమెరికా విప్లవం రోజుల్లో కనబడకుండా పోయింది. 1855లో లండన్ బిషప్ నివాసమైన ఫుల్‌హామ్ ప్యాలెస్ గ్రంథాలయంలో దొరికింది, 1856లో అచ్చయింది. అసలు ప్రతి 1897లో మసాచుసెట్స్‌కి తిరిగి వచ్చింది. అందులో ఓడెక్కినవాళ్ల జాబితా ఉంది. హౌలాండ్ జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ని పెళ్లాడాడని స్పష్టంగా ఉంది. ఒక్క వాక్యంతో రెండు శతాబ్దాల నమ్మకం పోయింది.

ఆ తర్వాత ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో ఊరి చర్చి పుస్తకంలో ఎలిజబెత్ బాప్తిస్మం దొరికింది: 1607 ఆగస్టు 30. తల్లి జోన్ హర్స్ట్. ఈవిడ మొదటి భర్త పేరు థామస్ రోజర్స్. మేఫ్లవర్‌లో వచ్చినవాళ్లలో కూడా ఒక థామస్ రోజర్స్ ఉన్నాడు. ఇద్దరూ వేరు. పేరు కలిసింది, ఓడ కలిసింది అనుకుని ముడేసిన వంశవృక్షాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. పేరు, ఊరు, కాలం, చుట్టూ ఉన్న మనుషులు, ఈ నాలుగూ కలిస్తేనే ఒకే మనిషి అనాలి. రెండు కలిస్తే చాలనుకోకూడదు.

1627 నాటి పశువుల పంపకం చూడండి. ఇది నాకెంతో ఇష్టమైన పత్రం. అప్పటిదాకా పశువులు ఉమ్మడిగా ఉండేవి. ఆ ఏడాది మే 22న కాలనీలోని 156 మందినీ పన్నెండు జట్లుగా, జట్టుకి పదముగ్గురు చొప్పున విడగొట్టి పశువుల్ని పంచారు. నాలుగో వంతు హౌలాండ్ జట్టుకి. జేకబ్ అనే ఓడలో వచ్చిన నాలుగు నల్ల పెయ్యల్లో రాగ్‌హార్న్ అనేది వీళ్లకి వచ్చింది. పెయ్య పేరు కూడా రాశారు! పదముగ్గురికి ఒక పెయ్య. కానీ వంశం వెతికేవాళ్లకి ముఖ్యమైంది పెయ్య కాదు. ఆ జట్టులో హౌలాండ్, భార్య ఎలిజబెత్, పిల్లలు జాన్, డిజైర్ అని నలుగురి పేర్లున్నాయి. అంటే 1627 మే నాటికి ఇద్దరు పిల్లలు పుట్టేశారు. పెళ్లి తేదీ ఎక్కడా రాసి లేకపోయినా, పెళ్లి 1624 ప్రాంతంలో అయి ఉండాలని లెక్కగట్టేది ఇలాంటి పత్రాల నుంచే. పంపకాల జాబితా ఆ రోజుకి జనాభా లెక్క లాంటిది.

అదే సమయంలో కాలనీ అప్పుల్లో ఉంది. లండన్ పెట్టుబడిదారుల వాటాలు కొనేయడానికి 1,800 పౌన్లు ఒప్పుకున్నారు, ఏడాదికి 200 చొప్పున తొమ్మిదేళ్లు. ఆ అప్పుకి పూచీపడ్డ ప్లిమత్ పెద్దల్లో హౌలాండ్ ఒకడు. బదులుగా వాళ్లకి కొన్నేళ్లపాటు బొచ్చుతోళ్ల వ్యాపారం మీద గుత్త హక్కు వచ్చింది. ఏడేళ్ల కిందట పనివాడిగా వచ్చినవాడు! 1633కి గవర్నర్ సహాయకుల్లో ఒకడయ్యాడు. 1634లో ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబెక్ నది మీద వ్యాపార స్థావరాన్ని చూసుకుంటుండగా, హాకింగ్ అనే మరో వ్యాపారి తమ హక్కున్న చోట పడవ నిలిపాడు. దాని లంగరు తాడు కోసేయమని హౌలాండ్ తన మనుషుల్ని పంపాడు. హాకింగ్ తుపాకి పేల్చి మోజెస్ టాల్బట్ అనేవాణ్ణి చంపాడు. హౌలాండ్ మనుషుల్లో ఒకడు హాకింగ్‌ని చంపాడు. దీనికి బోస్టన్ వాళ్లు జైల్లో పెట్టింది, అటువైపు పడవ తీసుకెళ్లిన జాన్ ఆల్డెన్‌ని. హౌలాండ్ జట్టులో ఉండి రాగ్‌హార్న్ పెయ్యలో వాటా పొందిన ఆల్డెనే. ఆ గొడవలో అతనికి ప్రమేయమే లేదు. సంతతి వాళ్లు రాసుకునే జీవిత చరిత్రల్లో మోకు కథ పేజీలు పేజీలుంటుంది, ఈ రెండు చావులు ఒక వాక్యంలో అయిపోతాయి. రెండూ ఒకే మనిషి జీవితంలోవి, రెండిటికీ చోటివ్వాలి.

1651 ప్రాంతంలో బ్రాడ్‌ఫర్డ్ పాత జాబితా తీసి, ఎవరు పోయారు, ఎవరు ఎంతమందయ్యారు అని పక్కన రాసుకున్నాడు. హౌలాండ్ దంపతులకి పదిమంది పిల్లలు, అందరూ బతికే ఉన్నారు. పెద్దకూతురికి నలుగురు, రెండో కూతురికి ఒకరు. మొత్తం 15 అన్నాడు. ఆ పదిమంది డిజైర్, జాన్, హోప్, ఎలిజబెత్, లిడియా, హన్నా, జోసెఫ్, జేబెజ్, రూత్, ఐజాక్. ఆ కాలంలో పదిమందీ పెద్దవాళ్లై, పదిమందికీ పిల్లలు పుట్టడం చాలా అరుదు. సంతతి అంతగా పెరగడానికి కారణం ఇదే. మనవల తరం వచ్చేసరికి లెక్క 88 అని చెబుతారు.

ఇక అసలు పనికి వద్దాం. పిల్లల పేర్లు బ్రాడ్‌ఫర్డ్ చెప్పలేదు, లెక్కే చెప్పాడు. పెళ్లయిన కూతుళ్ల ఇంటిపేర్లు మారిపోతాయి. వాళ్లని పుట్టింటికి కట్టే తాడు ఏది? తండ్రి వీలునామా. హౌలాండ్ వీలునామా తేదీ 1672 మే 29. అందులో డిజైర్ గోరమ్‌కి ఇరవై షిల్లింగులు, హోప్ చిప్‌మన్‌కి ఇరవై, ఎలిజబెత్ డికిన్సన్‌కి, లిడియా బ్రౌన్‌కి, హన్నా బాస్‌వర్త్‌కి, రూత్ కుష్మన్‌కి తలా ఇరవై అని ఉంది. డబ్బు చిన్నదే. కానీ గోరమ్, చిప్‌మన్, డికిన్సన్, బ్రౌన్, బాస్‌వర్త్, కుష్మన్ అనే ఆరు ఇంటిపేర్ల కుటుంబాలు హౌలాండ్ సంతతి అని చెప్పుకోవడానికి ఆధారం ఆ ఇరవై షిల్లింగులే. కొడుకులకి భూమి: జాన్‌కి టాంటన్ నది తూర్పున నూరు ఎకరాలు, జేబెజ్‌కి సటకెట్, పామెట్ దగ్గర, ఐజాక్‌కి నెమాస్కెట్ దగ్గర. రాకీ నూక్‌లోని ఇల్లు, పొలం తల్లి ఉన్నంతకాలం తల్లికి, తర్వాత జోసెఫ్‌కి.

ఎలిజబెత్ వీలునామా 1686 డిసెంబరు 17 నాటిది. అప్పటికి ఆవిడ స్వాన్సీలో కూతురు లిడియా ఇంట్లో ఉంది. పెద్దకొడుకు జాన్‌కి ఐదు పౌన్లు, టిండేల్ రచనల పుస్తకం. జోసెఫ్‌కి తూనిక కోల. లిడియాకి మంచి ఈకల పరుపు, బాలీసు, ఆకుపచ్చ రగ్గు, చిన్న అల్మరా, చిన్న ఇత్తడి కెటిల్, చిన్న బైబిల్. దగ్గరుండి చూసుకున్న కూతురికి రోజూ వాడుకునే వస్తువులు, ఊళ్లో పొలం ఉన్న కొడుక్కి తూనిక కోల. పిల్లలంతా ఒకరితో ఒకరు ప్రేమగా, శాంతిగా ఉండాలని కూడా రాయించింది. ఆవిడ సమాధి ఇప్పటి ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఉంది, భర్తది ప్లిమత్‌లో.

ఇప్పుడు ఈ వీలునామాలో చాలామంది పడే గొయ్యి చూపిస్తాను. దీంట్లో డిజైర్ లేదు, హోప్ లేదు, రూత్ లేదు. ఇదొక్కటే చదివినవాళ్లు ఆవిడకి ముగ్గురే కూతుళ్లని రాసేస్తారు. డిజైర్ 1683లో పోయింది. హోప్ 1684 జనవరిలో పోయింది. రూత్ అంతకు ముందే, 1679లో భర్త మళ్లీ పెళ్లి చేసుకునేనాటికి లేదు. వీలునామాలో పేరు ఉంటే సాక్ష్యం. లేకపోతే అది దేనికీ సాక్ష్యం కాదు. చనిపోయి ఉండొచ్చు, తన వాటా ముందే తీసుకుని ఉండొచ్చు. హౌలాండ్ కూడా పెద్దకొడుక్కి ఇంతకుముందు ఇచ్చిన భూమి కాక ఇది అని రాశాడు. ఆ ముందు ఇచ్చినది వీలునామాలో దొరకదు, దస్తావేజుల్లో వెతకాలి.

తేదీల సంగతి. హౌలాండ్ చనిపోయిన తేదీని 1672/3 ఫిబ్రవరి 23 అని రాస్తారు. ఆ గీత అనుమానంతో పెట్టింది కాదు. అప్పటి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాదిలా వసంతంలో. కాబట్టి వాళ్ల ఫిబ్రవరి ఇంకా 1672, మన లెక్కలో అది 1673. గీత తీసేసి 1672 అని రాసుకుంటే ఏమవుతుంది? వీలునామా తేదీ 1672 మే. మనిషి ఫిబ్రవరిలో పోయి మేలో వీలునామా రాసినట్టు తేలుతుంది! ఒక తేదీ మరో తేదీతో పొసగకపోతే ముందు ఈ గీతనే అనుమానించండి. జనవరి 1 నుంచి మార్చి 24 మధ్య ఉన్న ప్రతి పాత తేదీనీ రెండు సంవత్సరాలతోనే రాసుకోండి. నెలల్ని అంకెలతో రాసిన చోట మొదటి నెల మార్చి, పన్నెండోది ఫిబ్రవరి. రోజుల సవరణ జోలికి వెళ్లకపోవడమే మంచిది. 1752లో ఇంగ్లండ్ క్యాలెండర్ మార్చినప్పుడు 11 రోజులు దాటేశారు. కానీ 17వ శతాబ్దపు తేదీలకి తేడా 10 రోజులే. ప్లిమత్ వాళ్లే ఇందులో తప్పారు. పడవ జట్టు తీరం చేరిన పాత డిసెంబరు 11, కొత్త లెక్కలో 21. పదకొండు కలిపి డిసెంబరు 22న పండగ చేయడం 1769లో మొదలుపెట్టారు.

ఆ తర్వాత మాటల చిక్కు. మనకి బావ, బావమరిది, మేనమామ, పెదనాన్న, మారుటి కొడుకు, అల్లుడు అని ప్రతి చుట్టానికీ వేరే మాట ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు పత్రాల్లో సన్ ఇన్ లా అంటే అల్లుడు కావచ్చు, భార్య మొదటి భర్త కొడుకూ కావచ్చు. కజిన్ అని రాసింది చాలాసార్లు మేనల్లుణ్ణో, అన్న కొడుకునో. జూనియర్ అంటే కొడుకనే కాదు, ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడని. మిస్ట్రెస్ అంటే పెళ్లయిన ఆవిడని కాదు, పెద్దింటి ఆడమనిషని. దీనికి హౌలాండ్ ఇంట్లోనే ఉదాహరణ ఉంది. జాన్ తమ్ముడు ఆర్థర్ కొడుకు, అతని పేరూ ఆర్థరే, గవర్నర్ థామస్ ప్రెన్స్ కూతురు ఎలిజబెత్‌ని ఇష్టపడ్డాడు. ఆర్థర్ వాళ్లు క్వేకర్లనే క్రైస్తవ శాఖ పక్షం, గవర్నర్ క్వేకర్లంటే మండిపడేవాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్లి మాట ఎత్తాడని కోర్టు ఆ కుర్రాడికి ఐదు పౌన్ల జరిమానా వేసింది. కోర్టు పుస్తకంలో ఆ పెళ్లికాని పిల్లని మిస్ట్రెస్ ఎలిజబెత్ ప్రెన్స్ అనే రాశారు. అది చూసి అప్పటికే పెళ్లయిందనుకుంటే వంశవృక్షంలో లేని ఒక భర్తని సృష్టించాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ఆగి, 1667లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఆర్థర్, హెన్రీ అనే తమ్ముళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంటిపేరు గురించి. వీళ్లిద్దరూ మేఫ్లవర్‌లో రాలేదు, తర్వాత వచ్చారు. అమెరికాలోని పాత హౌలాండ్ కుటుంబాలు ఈ ముగ్గురిలో ఎవరో ఒకరి సంతతి. కాబట్టి హౌలాండ్ అనే ఇంటిపేరుంటే మేఫ్లవర్ సంతతి అనుకోవడం తప్పు, లేకపోతే కాదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆరుగురు కూతుళ్ల సంతతిలో ఎవరికీ తండ్రి వైపు నుంచి ఆ ఇంటిపేరు రాదు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో తిమింగలాల వేట ఓడలతో కోట్లు గడించిన హౌలాండ్లు హెన్రీ సంతతి. వాళ్లలో సిల్వియా ఆన్ హౌలాండ్ 1865లో చనిపోయాక ఆస్తి మీద పెద్ద దావా నడిచింది. సోదరి కూతురు హెట్టీ చూపించిన పత్రం మీది సంతకాలు, అసలు సంతకం మీద కాగితం పెట్టి దిద్దినవా కాదా అన్నది ప్రశ్న. గణిత శాస్త్రవేత్త బెంజమిన్ పీర్స్, కొడుకు చార్లెస్ కలిసి సిల్వియా సంతకాలు 42 తీసుకున్నారు. ఒక్కో సంతకంలో కిందికి దిగే గీతలు 30. సంతకాల్ని జతలు జతలుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు, 861 జతలు. 25,830 గీతల్లో కచ్చితంగా కలిసినవి 5,325, అంటే ఐదింట ఒకటి. వివాదంలో ఉన్న జతలో 30కి 30 కలిశాయి. ఒక మనిషి చేతి సంతకం తనతో తనే అంతగా కలవదని వాళ్ల వాదన. చివరికి 1868లో కోర్టు ఆ లెక్క జోలికి పోకుండా, హెట్టీ సాక్ష్యం చెల్లదనే చట్టపు కారణం మీద కేసు తేల్చింది. పాత పత్రాలు పరీక్షించేవాళ్లు మాత్రం ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి. రెండు సంతకాలు మరీ ఎక్కువగా కలిస్తే అనుమానించాలి.

చాలామంది డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుంది కదా అనుకుంటారు. ఇప్పటివాళ్లకి హౌలాండ్ పన్నెండు తరాల పైన ఉంటాడనుకుందాం. అక్కడ ప్రతి మనిషికీ 4,096 పూర్వీకుల స్థానాలుంటాయి. ఒక్కో తరానికీ వాటా సగమవుతూ వస్తుంది కాబట్టి, అంత పైనున్న ఒక పూర్వీకుడి నుంచి మామూలు పరీక్షలో కనబడే తునక ఒక్కటీ రాకపోవడమే ఎక్కువ. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ వేరే. అది జాన్, జోసెఫ్, జేబెజ్, ఐజాక్‌ల మగ సంతతిలో సాగుతుంది. కానీ ఆర్థర్‌కీ, హెన్రీకీ ఉన్నది కూడా అదే తండ్రి వై. అది కలిస్తే హౌలాండ్ రక్తమని తెలుస్తుందేగాని ఓడెక్కిన అన్నదా, తర్వాత వచ్చిన తమ్ముడిదా తెలియదు. ఎలిజబెత్ టిల్లీ నుంచి తల్లి వైపు డీఎన్‌ఏ ఆరుగురు కూతుళ్ల ద్వారా దిగుతుంది, కూతురి కూతురి కూతురి దారి తెగనంతవరకే. ఆ ప్రశ్నలకి జవాబు మళ్లీ కాగితాల్లోనే.

కాబట్టి పని ఎలా చేయాలి? హౌలాండ్ నుంచి కిందికి రాకండి. మీరు వెతుకుతున్న ఇప్పటి మనిషి నుంచి పైకి, ఒక్కో తరం వెళ్లండి. ప్రతి తరానికీ జననం, వివాహం, మరణం మూడూ, ఆ పైన ఈ బిడ్డ ఈ తల్లిదండ్రులదే అని చెప్పే పత్రం ఒకటి. మసాచుసెట్స్‌లో రాష్ట్రమంతటికీ జనన మరణాల నమోదు 1841 నుంచి ఉంది, అంతకు ముందువి ఊరి పుస్తకాల్లో. అమెరికా జనాభా లెక్కలు 1790 నుంచి ఉన్నా, ఇంట్లో అందరి పేర్లూ రాసింది 1850 నుంచి. ఎవరికి ఎవరేమవుతారో రాసింది 1880 నుంచి. పైన 1700 దాకా వచ్చిన తరాలు ఇప్పటికే బాగా పరిశోధించి అచ్చేశారు, కింద 1850 తర్వాతివి సులువు. తెగేది మధ్యలో, సుమారు 1780 నుంచి 1850 దాకా. రాళ్ల నేలలో వాటాలు చాలక చిన్నకొడుకులు న్యూయార్క్ రాష్ట్రానికి, ఒహాయోకి బళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. అక్కడ ఊరి పుస్తకాలు లేవు. జనాభా లెక్కలో ఇంటి యజమాని పేరు తప్ప లేదు. అలాంటప్పుడు దస్తావేజులు పట్టుకోవాలి. ఒహాయోలో కొన్న పత్రంలో కొన్నవాడు ఇంతకుముందు ఏ ఊరివాడో తరచుగా ఉంటుంది. వదిలి వచ్చిన ఊళ్లో తండ్రి ఆస్తిలో తన వాటా అమ్ముతూ సంతకం పెట్టిన పత్రం దొరికితే ఇంకా మంచిది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భర్తలు అందరూ ఒకే కాగితం మీద ఉంటారు.

ఆ భూమి గురించి చివరగా. హౌలాండ్ వీలునామాలోని సటకెట్, పామెట్, నెమాస్కెట్ ఇంగ్లీషు పేర్లు కావు. అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలవి. ప్లిమత్ ఉన్న చోటు కూడా వాళ్ల పటక్సెట్ ఊరు. 1616, 1619 మధ్య వచ్చిన మహమ్మారి ఆ ఊరిని తుడిచిపెట్టింది, వలసదారులు దిగింది ఆ ఖాళీ పొలాల్లో. 1621లో వాంపనోగ్ నాయకుడు మససాయిట్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1675లో అతని కొడుకు మెటాకామ్ కాలంలో యుద్ధం వచ్చింది. హౌలాండ్ పెద్దల్లుడు కెప్టెన్ జాన్ గోరమ్ ఆ డిసెంబరులో నర్రాగాన్సెట్ అనే మరో మూలవాసి ప్రజల కోట మీద జరిగిన దాడిలో ఉన్నాడు. రెండు నెలలకి స్వాన్సీలో జ్వరంతో పోయాడు. కొడుకు జేబెజ్ కూడా ఆ యుద్ధంలో పోరాడాడు. 1676 ఆగస్టులో మెటాకామ్‌ని అతని సొంత చోటైన మౌంట్ హోప్ దగ్గర చంపారు. తొమ్మిదేళ్ల కొడుకుని బానిసగా అమ్మేశారు. 1680లో ప్లిమత్ కాలనీ ఆ మౌంట్ హోప్ భూముల్ని నలుగురు బోస్టన్ వ్యాపారులకి 1,100 పౌన్లకి అమ్మింది. అక్కడ లేచిన ఊరు బ్రిస్టల్. ప్లిమత్‌లో తన ఇల్లు అమ్మేసి ఆ కొత్త ఊరికి కాపురం వెళ్లినవాళ్లలో జేబెజ్ హౌలాండ్ ఉన్నాడు. అతను అమ్మిన ఆ ఇల్లు ఇప్పటికీ ప్లిమత్‌లో నిలిచి ఉంది. మేఫ్లవర్ ప్రయాణికులు నివసించిన ఇళ్లలో ఆ ఊళ్లో మిగిలింది అదొక్కటే, యాత్రికులు టికెట్ కొని చూస్తారు.

యాభై ఏళ్లు దాటాక, నర్రాగాన్సెట్ కోట మీది ఆ దాడిలో పాల్గొన్న సైనికుల వారసులు తమకు భూమి ఇస్తామన్న మాట గుర్తుచేస్తూ మసాచుసెట్స్ సభకి అర్జీలు పెట్టారు. 840 మందికి, ఊరికి 120 మంది చొప్పున, ఏడు కొత్త ఊళ్లు కేటాయించారు. అందులో ఏడోది మెయిన్‌లో ఉంది. దానికోసం ఎక్కువగా తిరిగింది కెప్టెన్ మనవడు షుబేల్ గోరమ్, ఆ ఊరి పేరు ఇవాళ్టికీ గోరమ్. ఆ వారసుల జాబితా వంశం వెతికేవాళ్లకి బంగారం. ఎవరు ఎవరి కొడుకో, ఎవరి మనవడో, ఎవరి హక్కుతో అడుగుతున్నాడో అందులో ఉంటుంది. వాటాకి ఆధారం ఏమిటన్న చోట మాత్రం, 1675 డిసెంబరులో ఆ కోట మీద దాడిలో ఉన్నాడు అని ఉంటుంది. వంశం రాసుకునేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదలకండి, కాపీ చేసుకోండి. వాంపనోగ్ ప్రజలు మాషిపీలోనూ, ఆక్వినాలోనూ ఇవాళ్టికీ ఉన్నారు. ఆ ఊళ్ల పేర్లు వాళ్ల భాషలో ఏమిటో చెప్పగలిగేది వాళ్లే.

ప్రశ్నలు ఉంటే అడగండి.